నిలబడమన్న నక్క

మద్దిచెట్ల లోయలో ఒక మడుగు ఉండేది. ఎండాకాలంలో చుట్టుపక్కల వాగులన్నీ ఎండిపోయినా అందులో మోకాటిలోతు నీళ్ళు మిగిలేవి. ఆ నీళ్ళ దగ్గర దుప్పులూ కొండముచ్చులూ తాతల కాలం నుంచీ పొత్తుగా బతికేవి. ఆ పొత్తు నోటిమాట పొత్తు కాదు, పని పంచుకున్న పొత్తు. కొండముచ్చులు చెట్టు మీద కూర్చుని దూరం చూసేవి. చిరుత కనబడితే ఒక్క కేక వేసేవి, కింద మేస్తున్న దుప్పులు పరుగందుకునేవి. దుప్పులకు ముందు వాసన తగిలితే అవి ముందుకాలితో నేల తన్నేవి, నేల మీద ఆడుకుంటున్న కొండముచ్చు పిల్లలు గబగబా చెట్టెక్కేసేవి. పైగా కొండముచ్చులు ఇప్పపూలు సగం తిని సగం రాల్చేవి. ఆ రాలినవే దుప్పులకు పొద్దుటి పలహారం.

ఈ పొత్తు వల్ల కడుపు మాడింది ఇద్దరికే. ఒకటి చిరుత. రెండోది, చిరుత తిని వదిలింది తిని బతికే నక్క.

ఒక వేసవి పొద్దున పొడలమ్మ అనే దుప్పి తన మూడు వారాల పిల్లతో ఇప్పచెట్టు కింద ఉంది. చెట్టు మీద కాపలా ఉన్నది కోటమ్మ, కొండముచ్చుల్లో పెద్దది, అందరికీ పెద్దమ్మ. కోటమ్మ కేక వేసింది. మంద లేచి పారిపోయింది. పొడలమ్మా పరిగెత్తింది, కానీ పిల్ల వెనకబడింది. చిరుత దాన్ని నోట కరుచుకుని పోయింది.

మూడో రోజు కూడా పొడలమ్మ మేత ముట్టకుండా అక్కడే నిలబడి ఉంటే నక్క పరామర్శకు వచ్చింది. పలకరింపుకు వచ్చినవాళ్ళు కూర్చున్నట్టే నాలుగడుగుల దూరంలో తల వంచుకుని కూర్చుంది.

"విన్నానమ్మా. తట్టుకోలేక వచ్చా."

"ఏం చేస్తాం మామా. రాత."

"రాతంటావా, సరే. ఒక్క మాట అడుగుతా, కోపం తెచ్చుకోబాక. ఆ పొద్దున కేక ముందా, చిరుత ముందా?"

"కేకే ముందు."

"పోయినేడు మీ అక్కని పట్టుకుపోయినప్పుడు?"

"అప్పుడూ కేకే ముందు."

"కోటమ్మ కేక వేసినాక చిరుత రాని రోజు ఉందా?"

పొడలమ్మ ఆలోచించింది. "లేదు."

నక్క నిట్టూర్చింది. "నేనేం అననమ్మా. ఎవరు ఎవరిని పిలుస్తున్నారో నువ్వే ఆలోచించుకో."

గమనించారా, నక్క ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. కళ్ళెదుట ఉన్న నిజాన్నే పట్టుకుని తలకిందులుగా నిలబెట్టి పోయింది. ఉత్త అబద్ధమైతే పొడలమ్మ నమ్మేది కాదు, ఆమె తెలివితక్కువది కాదు. కానీ ఆమె కడుపులో ఎవరికీ చెప్పని సంగతి ఒకటి ఉంది. ఆ పొద్దున కేక వినబడినప్పుడు ఆమె ముందు ఇంకొక్క ఇప్పపువ్వు ఉంది. అది తిని కదులుదాం అనుకుంది, తిన్నది, అప్పుడు కదిలింది. తప్పు కోటమ్మదైతే తనది కాకుండా పోతుంది. బిడ్డ పోయిన తల్లికి ఆ మాట మందులా పనిచేసింది. నేనైతే ఆమెను తప్పుపట్టను.

ఇక చూడండి నక్క హడావిడి. రోజూ పొద్దున మడుగు గట్టున మందను కూర్చోబెట్టేది. "చెప్పమ్మా పొడలమ్మా, నీ బిడ్డ సంగతి," అనేది. పొడలమ్మ చెప్పి ఏడ్చేది. మందంతా ఏడ్చేది. నక్క అందరికంటే గట్టిగా ఏడ్చేది. మొదట్లో తప్పు కోటమ్మదన్నారు. వారం తిరిగేసరికి కొండముచ్చులందరిదీ అన్నారు. ఆ తర్వాత కొండముచ్చులన్న పేరే పోయింది, మసిమొహాలని పిలవడం మొదలైంది.

"మొహానికి మసి పూసుకుని పుట్టినోళ్ళకు మనసు తెల్లగా ఉంటదా?" అని నక్క పాట కట్టింది. లేత దుప్పులకు అది ఒక్కపూటలో వచ్చేసింది. అందరికంటే బాగా పాడేది పొడలమ్మ పెద్దకూతురు జాజి. పోయినేడు పుట్టిన పిల్ల, ఏం పాడుతోందో ఆలోచించే వయసు కాదు.

ఒక ముసలి దుప్పి మాత్రం అడిగింది. "పోయిన వానాకాలం వాళ్ళ పిల్లని కూడా చిరుతే తిన్నది గదా మామా. తమ పిల్లని తామే పిలిచి ఇచ్చుకుంటారా ఎవరైనా?"

నక్క ఆమెకు జవాబు చెప్పలేదు. మంద వైపు తిరిగి, "పొడలమ్మ ఇక్కడ ఏడుస్తా ఉంటే ఈమెకు వాళ్ళ పిల్ల గుర్తుకొచ్చింది చూడండి," అంది. మర్నాటి నుంచి ఆ ముసలిదాని పక్కన మేసినవాళ్ళు లేరు. ఇంకెవరూ ఏమీ అడగనూ లేదు.

మధ్యాహ్నాలు నక్క చెట్ల కిందికి వెళ్ళి కొండముచ్చులతో మాట్లాడేది. "దుప్పులు మిమ్మల్ని నీళ్ళకు రానియ్యరంట. నేను చెప్పానని అనబాకండి." తిరిగొచ్చి దుప్పులతో, "వాళ్ళు మడుగును పాడుచేస్తారంట. కాపలా పెట్టుకోండి," అనేది. మంద పెద్ద కొమ్ములయ్య కొండముచ్చులు నీళ్ళకు రాకుండా నిజంగానే కాపలా పెట్టాడు. కాపలా చూశాక కొండముచ్చులు నక్క మాటను ఎందుకు నమ్మవు? అవి పూలు రాల్చడం మానేశాయి, కేకలూ మానేశాయి. ఒక్క కోటమ్మే మానలేదు.

"ఆ కేకకు పరిగెత్తబాకండి," అని నక్క దుప్పులకు నేర్పింది. "మీరు బెదిరి పరిగెత్తాల, చిరుత నోట్లో పడాల, అదే వాళ్ళకు కావాల్సింది. నిలబడండి. నిలబడినోడే దుప్పి, వెనక్కి తగ్గినోడు మసిమొహాల తొత్తు."

చెప్పేవాడికి వినేవాడు లోకువ. ఒక మధ్యాహ్నం నక్క ఈ మాటే చెబుతుండగా కోటమ్మ కేక వినబడింది. మంద వణుకుతూనే నిలబడింది. చిరుత వచ్చి ఎర్రన్న అనే మగదుప్పిని మెడ పట్టుకుని ఈడ్చుకుపోయింది. నిలబడ్డవాడే దొరికాడు. కాసేపటికి నక్క వచ్చి, "చూశారా, మళ్ళీ పిలిచింది," అని బావురుమంది. మంద పళ్ళు కొరికింది. ఎర్రన్న చావు కూడా నక్కకు సాక్ష్యమే అయింది.

కానీ పొడలమ్మ ఒకటి చూసింది. ఆమె నక్క పక్కనే కూర్చునేది కదా, అందుకే కనబడింది. కేక పడగానే నక్క మాట సగంలో ఆగింది, కాళ్ళు అవతలి గట్టు మీద తేలాయి. అందరినీ నిలబడమన్నది తాను నిలబడలేదు.

ఆ సాయంత్రం ఆమె ఒంటరిగా కోటమ్మ చెట్టు కిందికి వెళ్ళింది. దాహంతో కోటమ్మ పెదవులు పగిలి ఉన్నాయి.

"నన్ను పొడవడానికి వచ్చావా బిడ్డా?"

"లేదు పెద్దమ్మా. ఒకటి అడగడానికి వచ్చా. మీవాళ్ళంతా మానేసినా నువ్వింకా ఎందుకు కేకేస్తన్నావు?"

"మావాళ్ళూ అదే అడిగి కొట్టారు. చిరుత కనబడితే నోరు ఊరుకోదమ్మా. చూసింది చెప్పడమే నాకు తెలిసిన పని." కోటమ్మ పగిలిన పెదవి తడుముకుంది. "నా మనవరాలు పోయింది. నాలుగు రోజులైంది. నీళ్ళు లేక."

ఆ పిల్ల పొడలమ్మకు తెలుసు. తన చెవులు పట్టుకుని ఊగేది. ఇన్నాళ్ళుగా మడుగు గట్టున తాను ఏడ్చిన ఏడుపే ఆ కాపలాను పెట్టించిందని అప్పుడు తెలిసి, సిగ్గుతో, దుఃఖంతో తల నేలకు వాల్చేసింది.

"పెద్దమ్మా, ఆ రోజు నీ కేక నాకు వినబడింది. ఇంకొక పువ్వు తిని కదిలా. ఆ ఒక్క పువ్వుకే నా బిడ్డ పోయింది. అది ఒప్పుకోలేక నీ మీద వేశా."

కోటమ్మ మెల్లగా రెండు కొమ్మలు దిగింది. "ఆ పువ్వు నేను రాల్చిందే. ఆకలేసినోళ్ళు తింటారు బిడ్డా. చంపింది చిరుత. ఇప్పుడు నువ్వూ నేనూ కొట్టుకుంటే తినేదీ చిరుతే. పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చిందంట."

"మందకు ఈ మాట చెబితే ఆ ముసలామెను వెలేసినట్టే నన్నూ వెలేస్తారు."

"అయితే చెప్పబాక. నువ్వు చూసింది వాళ్ళనీ చూడనియ్యి."

మర్నాడు పొద్దున గట్టు మీద నక్క ఊగిపోతోంది. "ఎల్లుండి పొద్దున మందంతా పరికిపొదల పక్కన బారులు తీరాల. మసిమొహాలు ఎంత కేకేసినా ఒక్క డెక్క కదలకూడదు. ఆ తర్వాత వాళ్ళ చెట్లన్నీ కొమ్ములతో చీల్చి పారేద్దాం. లేత దుప్పులు ముందు వరస. పాట వాళ్ళకే బాగా వచ్చు."

"అమ్మా, నేను ముందు వరసంట," అని జాజి ఎగిరి గంతేసింది.

పరికిపొదల్లో ఎల్లుండి ఎవరు పొంచి ఉంటారో పొడలమ్మకు అర్థమైంది. లేచి నిలబడింది. ఆమె లేస్తే మంద చెవులు రిక్కించేది. ఆ గౌరవం నక్క ఇచ్చిందే.

"మామా, నా బిడ్డ కోసం నువ్వు ఏడ్చినంత నేను కూడా ఏడవలేదు. ఈ పోరుకు పెద్దవి నువ్వే. పొద పక్కన అందరికంటే ముందు నువ్వు నిలబడు. నిన్ను చూస్తా మేమంతా నిలబడతాం."

నక్క గొంతు సవరించుకుంది. "నేనెంత, నా ఒడ్డెంత అమ్మా. వెనక నుంచి పాట అందిస్తా."

"వెనక్కి తగ్గినోడు తొత్తని నువ్వే చెప్పావు గదా మామా. ఆ మాట నీకెవరూ అనకూడదు."

మంద గొల్లుమంది, సంతోషంతోనే. "మామ ముందుంటే మాకు ఏనుగు బలం," అన్నాడు కొమ్ములయ్య కళ్ళనీళ్ళతో. పాపం, అతను మనస్ఫూర్తిగానే అన్నాడు. నక్కకు కాదనే దారి లేకపోయింది.

అటునుంచి అటే అది చిరుత దగ్గరికి పరిగెత్తింది. "ఎల్లుండి ముందు వరసలో నేనుంటా దొరా. నన్ను చూసి దాటుకో."

చిరుత ఆవులించింది. "దూకేటప్పుడు మొహాలు చూసే అలవాటు నాకు లేదు."

ఆ పొద్దు రానే వచ్చింది. పరికిపొదల పక్కన మంద బారులు తీరింది. ముందు నక్క, దాని వెనక జాజీ మిగతా లేతవాళ్ళూ, వాళ్ళకు ఆనుకుని పొడలమ్మ. నక్క పాట ఎత్తుకుంది గానీ మొదటి మాట దగ్గరే ఆపేసింది. అంతలో మద్దిచెట్టు మీది నుంచి కోటమ్మ కేక వేసింది.

"నిలబడండి," అంది నక్క. దాని చెవులు అప్పటికే పొద వైపు తిరిగి ఉన్నాయి.

"నిలబడ్డాం మామా. నువ్వూ నిలబడు," అంది పొడలమ్మ.

రెండో కేక పడింది. పొదలో ఆకు కదిలింది. నక్క గిరుక్కున తిరిగి జాజి కాళ్ళ సందున దూరి, కొమ్ములయ్య పొట్ట కింద నుంచి దూసుకుని మంద వెనక్కి పడి పరుగో పరుగు. అంతమందీ కళ్ళారా చూశారు.

పొడలమ్మ ముందుకాలితో నేలను తన్నింది. "మామ ఎటు పోతే అటే పదండి," అంది.

మంద ఒక్కసారిగా లేచింది. చిరుత దూకేసరికి అక్కడ దుమ్ము తప్ప ఏమీ లేదు. అందరికంటే ముందు పరుగందుకుంది నక్కే, కాదనను. కానీ దుప్పి కాళ్ళు పొడుగు, నక్క కాళ్ళు పొట్టి. వాగు మలుపు తిరిగేలోపు జాజి దాన్ని దాటింది, లేతవాళ్ళంతా దాటారు, చివరికి ముసలి దుప్పి కూడా రొప్పుకుంటూ దాటిపోయింది. నక్క ఒక్కటే వెనక మిగిలింది.

"దొరా, నేను, నీ నక్కని," అన్న మాట వాగు మలుపు దగ్గర వినబడింది. ఆ తర్వాత ఏమీ వినబడలేదు.

మధ్యాహ్నానికి మంద మడుగుకు తిరిగొచ్చింది. ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయారు. పొడలమ్మ ఇప్పపువ్వు సంగతి అందరి ముందూ చెప్పింది, ఈసారి ఏడవకుండా. కొమ్ములయ్య కాపలా తీసేసి నీళ్ళ దగ్గర నుంచి తానే పక్కకు జరిగాడు. కొండముచ్చులు జంకుతూ దిగొచ్చి తాగాయి. ఎర్రన్న తిరిగి రాలేదు, కోటమ్మ మనవరాలూ తిరిగి రాలేదు. పరధ్యానంలో ఉన్నప్పుడు జాజి నోట్లో ఆ పాట వానాకాలం దాకా ఆడుతూనే ఉంది, తల్లి చూసినప్పుడల్లా నాలుక కరుచుకునేది.

పోరుకు పొమ్మనేవాడి నోటిని నమ్మేముందు, కేక వినబడగానే వాడి కాళ్ళు ఎటు పోతాయో చూసుకోవాలి.