రేల మడుగు నీళ్ళు

రేల మడుగు నీళ్ళు విషమని ఆ కొండ కింది దుప్పుల మందలో పాలు తాగే కూనకు కూడా తెలుసు. మడుగు వాళ్ళు పడుకునే చోటికి నాలుగు అంగల దూరం. అడుగున రాళ్ళు కనిపించేంత తేట నీళ్ళు. అయినా ఎండాకాలం వచ్చిందంటే మంద మొత్తం ఆ పక్కనుంచే తల తిప్పుకుని పోయి, రాళ్ళ కనుమ దాటి, అవతలి వాగులో తాగి వచ్చేది. కనుమలో దారి ఇరుకు. పైన బండ మీద చిరుత కాపు కాసేది. ఏటా నలుగురో ఐదుగురో తిరిగి వచ్చేవాళ్ళు కారు.

"ఏం చేస్తాం, నీళ్ళు తాగకుండా బతకలేం కదా" అనుకునేవాళ్ళు మిగిలినవాళ్ళు.

మందకు పెద్దదిక్కు కాటమ్మ అనే ముసలి దుప్పి. ఆమె మాటకు ఎదురు లేదు. ఆమె పిల్లలిద్దరూ ఒకే వేసవిలో ఆ కనుమలోనే పోయారు. అప్పటినుంచీ మడుగు మాట ఎవరెత్తినా ఆమె మరింత గట్టిగా కసిరేది.

కనుమ దాకా దారి చూపే పని నక్క ఓబయ్యది. "ఇవాళ చిరుత జాడ లేదు, గబగబా దాటేయండి" అంటూ ముందు నడిచేవాడు. చిరుత తిని వదిలేసినదే ఓబయ్యకు తిండి. ఆ సంగతి మందలో ఎవరికీ తట్టలేదు. కంచే చేను మేస్తుందని ఎవరనుకుంటారు?

ఆ ఏడు సింగి అనే దుప్పికి రాయి తగిలి గిట్ట చీలింది. కిందటి వేసవిలో దాని కూనను చిరుత ఎత్తుకుపోయింది. ఇప్పుడు మందతో నడవలేక వెనకబడింది. రెండు రోజులు నీళ్ళు లేవు. మూడో రోజు మధ్యాహ్నం ఎటూ చావే కదా అనుకుని మడుగులోకి దిగి కడుపు నిండా తాగింది. తెల్లారి మంద మేస్తున్న చోటికి కుంటుకుంటూ వచ్చింది.

"పెద్దమ్మా, నేను నిన్న మడుగులో నీళ్ళు తాగాను."

అందరూ మేత ఆపారు.

"నిదానంగా ఎక్కే విషాలుంటాయి" అంది కాటమ్మ.

"తాబేలు తాత అందులోనే పుట్టి అందులోనే ముసలివాడయ్యాడు కదా."

"ఆయనకు డొప్ప ఉంది."

"అడవిపందులు రోజూ తాగుతాయి."

"పందికేం, రాయి తిన్నా అరిగించుకుంటుంది."

"మరి కొంగలో?"

"వాటికి రెక్కలున్నాయి."

"రెక్కలకూ విషానికీ ఏం సంబంధం పెద్దమ్మా?"

కాటమ్మ పక్కనున్న పోతు దుప్పి అందుకున్నాడు. "పెద్దలు ఊరికే అంటారా? ఏదో ఉండబట్టే అన్నారు."

పక్కనే మడుగు గట్టు మీద ఎండ కాచుకుంటున్న తాబేలు తాత ఈ మాటలన్నీ వింటూ ఉన్నాడు. "ఉంది నాయనా, లేకపోలేదు" అన్నాడు. "మీ తాతల కాలంలో కొండ అవతలి మనుషులు వచ్చి, ఏదో చెట్టు బెరడు దంచి మడుగులో కలిపారు, చేపలు మత్తెక్కి తేలతాయని. ఆ రోజు తాగిన మూడు దుప్పులు చచ్చాయి. నేను ఒడ్డున ఉండి బతికిపోయాను. ఆ ఏడే పెద్ద వాన పడి మడుగు పొర్లి పారింది. విషం దాంతోనే పోయింది. తర్వాత మీలో ఒక్కరూ మూతి పెట్టి చూడలేదు."

అందరూ కాటమ్మ వైపు చూశారు.

"చచ్చిన మాట నిజమేనని నువ్వే చెప్పావు కదా తాతా. ఇంకేం కావాలి?" అందామె.

ఈ కబురు ఓబయ్య చెవిన పడింది. మంద మడుగు దగ్గరే తాగడం మొదలుపెడితే కనుమలోకి వచ్చేదెవరు, చిరుత వేటాడేదేమిటి, తనకు మిగిలేదేమిటి? మర్నాడు పొద్దున్నే మడుగు దగ్గరికి మందను పిలిచాడు.

"ఒకళ్ళతో ఒకళ్ళకు తగువెందుకు? మీ అందరి కోసం నేనే తాగి చూస్తాను. బతికితే మీరూ తాగండి. పోతే పోయేది ఒక నక్క."

వద్దు వద్దంటున్నా వినకుండా నీళ్ళలో మూతి పెట్టాడు. గుక్క మింగనైనా లేదు. రెండడుగులు తూలి, గట్టు మీద పడి, కాళ్ళు తన్నుకుని, నోట నురగ తెచ్చి, బిగుసుకుపోయాడు. మంద చెల్లాచెదురైంది.

"చూశావా?" అంది కాటమ్మ సింగితో. ఆ గొంతులో కోపం లేదు. సింగి తన కాళ్ళ వంక చూసుకుంది, అవి కూడా బిగుసుకుంటున్నాయేమోనని.

"మీరు పోయి కనుమ మొదట్లో ఆగండి" అంది కాటమ్మ, మళ్ళీ ఒకచోట చేరినవాళ్ళతో. "మన కోసం ప్రాణం ఇచ్చినవాణ్ణి గద్దలకు వదిలేసి ఎలా వస్తాను? కాసేపు కాపలా ఉండి వస్తా. నేను వచ్చేదాకా ఎవరూ లోపలికి అడుగు పెట్టకండి."

ఓబయ్య అనుకున్నది ఇది కాదు. అందరూ పోతారు, లేచి తన దారిన తాను పోవచ్చు అనుకున్నాడు. ఎండ ముదిరింది. కాటమ్మ తన నీడ అతని మొహం మీద పడేలా నిలబడింది. తోకతో ఈగలు తోలింది.

"నా పిల్లలు పోయిన రోజు నీతోనే చెప్పుకున్నాను తమ్ముడూ" అంది, చచ్చినవాడికి వినపడదనుకునే. "మడుగు నీళ్ళు తాగి గిలగిల కొట్టుకుని చావడం కంటే చిరుత నోట పడి పోవడమే నయం కదా అన్నాను. అవునక్కా అన్నావు నువ్వు. ఆ ఒక్క మాట పట్టుకుని ఇన్నేళ్ళు బతికాను."

ఓబయ్య చెవి కూడా కదపలేదు. కానీ నాలుక అంగిటికి అంటుకుపోతోంది. మూరెడు దూరంలో నీళ్ళు ఒడ్డును తాకుతున్న చప్పుడు. మధ్యాహ్నం దాటాక కాటమ్మ అలసిపోయి కళ్ళు మూసుకుంది. ఇక ఆగలేకపోయాడు. పొట్ట మీద పాకుతూ పోయి, ముందు కాళ్ళు నీళ్ళలో పెట్టి, గటగటా తాగాడు. తల ఎత్తి చూస్తే మీసాల నుంచి నీళ్ళు కారుతున్నాయి. కాటమ్మ కళ్ళు తెరిచి చూస్తోంది.

"ఎప్పటినుంచి తాగుతున్నావు?" అని అడిగింది.

"పుట్టినప్పటినుంచి."

"మాకు చెప్పలేదే."

"మీరు అడగలేదు. అక్కా, మడుగు గురించి నేనాడిన అబద్ధం ఇవాళ్టిది ఒక్కటే. డొప్ప అన్నది నువ్వు, రెక్కలన్నది నువ్వు. నేను ఇన్నాళ్ళూ తల ఊపానంతే." ఒళ్ళు దులుపుకుని గొంతు తగ్గించాడు. "ఇప్పుడైనా మించిపోయిందేం లేదు. చూసింది నువ్వొక్కదానివే. ఓబయ్య చచ్చాడని చెప్పు, నేను కొన్నాళ్ళు కనబడను. నీ పెద్దరికం నీకుంటుంది. నిజం చెప్పావనుకో, కనుమలో పోయినవాళ్ళందరి గురించీ ఎవర్ని అడుగుతారు? నన్ను కాదు, నిన్ను."

కాటమ్మ నీళ్ళ వైపు చూసింది. కొంగలు తాగడం ఆమె ఎన్నేళ్ళుగానో చూస్తోంది. చూసిన ప్రతిసారీ తల తిప్పుకుంది. అది విషానికి భయపడి కాదని ఇప్పుడు అర్థమైంది. ఈ నీళ్ళు మంచివే అయితే నా పిల్లలు దేనికి పోయినట్టు? ఆ ప్రశ్న ఎదురుపడుతుందని భయపడి. విషం ఉందనుకున్నంత కాలం వాళ్ళ చావుకు ఒక అర్థం ఉండేది.

ఓబయ్యను అక్కడే వదిలి ఆమె కనుమ వైపు నడిచింది. నడక కాస్తా పరుగైంది. దాహానికి ఆగలేక ఇద్దరు కుర్ర పోతులు అప్పటికే కనుమ అంచుకు చేరారు. ఆమె అడ్డంగా వచ్చి నిలబడింది.

"వెనక్కి పదండి. మడుగు నీళ్ళు మంచివి. ఓబయ్య చావలేదు. కడుపారా తాగడం నా కళ్ళతో చూశాను." ఆయాసంతో ఆగి అంది, "తప్పు నాది."

"పెద్దలు చెప్పిందే కదా నువ్వూ చెప్పావు" అన్నాడు ఒకడు.

"వాళ్ళు చెప్పారు. మూతి పెట్టి చూడకుండా మీకు చెప్పింది నేను."

సింగి కుంటుకుంటూ ఆమె ముందుకు వచ్చింది. "నీళ్ళు తాగిన రోజు దాహం తీరిందన్న సంతోషం కూడా లేదు పెద్దమ్మా. నా కూనే గుర్తొచ్చింది. నాలుగు అంగల దూరంలో నీళ్ళు పెట్టుకుని..."

"నీకు చెప్పడానికి నా దగ్గర మాట లేదు తల్లీ" అంది కాటమ్మ. "నాకు నేను చెప్పుకోవడానికీ లేదు. ఇంకో కూన పోకుండా చూద్దాం, పద."

మడుగులో ముందు ఆమే తల వంచింది. ఆమె తాగుతున్నంతసేపూ మంద చూస్తూ నిలబడింది. తర్వాత ఒక్కొక్కరే దిగారు. ముగ్గురు మాత్రం గట్టు మీదే నిలబడి, ఎవరు పడిపోతారా అని పొద్దుగూకేదాకా ఎదురుచూశారు. వాళ్ళు మర్నాడు తాగారు.

కనుమలో చిరుతకు మూడు రోజులు వేట దొరకలేదు. నాలుగో రోజు ఓబయ్య జరిగింది చెప్పడానికి బండ మీదికి బయలుదేరాడు. ఇన్నేళ్ళ స్నేహం, నన్నేం చేస్తాడు అన్నది అతని ధీమా. ఆ ధీమాను అతనూ ఎన్నడూ పరీక్షించి చూసుకోలేదు. అతను పైకి ఎక్కడం కొంగలు చూశాయి. దిగి రావడం మాత్రం ఎవరూ చూడలేదు.

నీతి: ఒక నమ్మకం కోసం ఎంత పోగొట్టుకుంటే, అది తప్పేమోనని అడగడానికి అంత భయపడతాం, అడగనంత కాలం పోగొట్టుకుంటూనే ఉంటాం.