ఇసుక దిబ్బ మీద విడిది

తాటిమెట్ట అడవిలో దుప్పులు, ముళ్ళపందులు, కుందేళ్ళు, అడవికోళ్ళు కలిసి బతికేవి. ఒక ఎండాకాలం ఆ అడవికి నిప్పంటుకుంది. చాలా జీవాలు కాలిపోయాయి. మిగిలినవి పొగ మింగి, నీళ్ళ కోసం తిరిగి తిరిగి చిక్కిపోయాయి.

వానలు పడి గడ్డి మొలిచాక సూదమ్మ అనే ముళ్ళపంది ఇలా అంది. "పిల్లలు నిద్రలో ఇంకా ఉలిక్కిపడుతున్నారు. పది రోజులు సముద్రం ఒడ్డున ఉండి వద్దాం. అక్కడ చిన్న చిన్న పేటలున్నాయట. పీతలది ఒకటి, తాబేళ్ళది ఒకటి, నీటికుక్కలది ఒకటి."

శిఖరుడు అనే పెద్ద కొమ్ముల దుప్పి సరేనన్నాడు. మంటల్లోంచి మందను దాటించింది అతడే. అప్పటినుంచి అతడు ఎవరి మాటా చెవిన పెట్టడం లేదు.

సూదమ్మ ముందుగా ఒక్కతే వెళ్ళి మూడు పేటలూ తిరిగింది. తాగే నీళ్ళు ఎక్కడున్నాయో, సముద్రం ఎప్పుడు పొంగుతుందో, ఎక్కడ పడుకుంటే మంచిదో అడిగి తెలుసుకుంది.

"సేదతీరడానికి పోతూ ఇన్ని ఆరాలెందుకు?" అని శిఖరుడు నవ్వి, ఆమె తెలుసుకొచ్చింది వినకుండానే వెళ్ళిపోయాడు.

సూదమ్మ కుటుంబం, శిఖరుడి కుటుంబం ఒడ్డుకు చేరాయి. సూదమ్మ పిల్లలతో జీడిమామిడి తోటలో, మెట్ట మీద దిగింది. శిఖరుడికి అక్కడి సందడి నచ్చలేదు. ఏరు సముద్రంలో కలిసేచోట ఒక ఇసుక దిబ్బ కనిపించింది. దానికీ ఒడ్డుకూ మధ్య పాయలో మోకాలి లోతు నీళ్ళే ఉన్నాయి.

పీతల పేటకు పెద్ద అయిన ముసలి పీత తన బొరియలోంచి పైకి వచ్చాడు. "అయ్యా, ఆ దిబ్బ మీద మేమెవ్వరం కాపురం ఉండం. ఎందుకంటే..."

"నా గిట్టంత లేవు. నువ్వా నాకు చెప్పేది?" అన్నాడు శిఖరుడు.

అతని భార్య పొన్న మెల్లగా అంది. "ఏమండీ, ఆయన మాట పూర్తిగా విందాం. వింటే పోయేదేముంది?"

శిఖరుడు అప్పటికే పాయలో దిగాడు. పొన్న తన పిల్ల బుల్లిని తీసుకుని వెనకే నడిచింది.

మూడు రోజులు హాయిగా గడిచాయి. బుల్లి ఉలిక్కిపడకుండా నిద్రపోయింది.

నాలుగో రోజు పౌర్ణమి. పొద్దెక్కేసరికి పౌర్ణమి పోటుకు సముద్రం ముందు రోజులకన్నా ఎత్తుగా పొంగింది. నీళ్ళు దిబ్బ నాలుగు అంచులనూ తింటూ పైకి వచ్చాయి. మోకాలి లోతు పాయ సుడులు తిరిగింది.

"నా వెనకే రండి," అని శిఖరుడు నీళ్ళలోకి దూకాడు. అతని కాళ్ళు బలమైనవి. ఎలాగో ఒడ్డు చేరి వెనక్కి చూశాడు. వెనక ఎవరూ లేరు.

పాయ మధ్యలో పొన్న పిల్లను మెడ మీదికి ఎత్తుకుని ఈదుతోంది. ఆమె తల మునుగుతూ తేలుతూ ఉంది. మెట్ట మీంచి సూదమ్మ అది చూసి నీటికుక్కల పేటకు పరుగెత్తింది. నీటికుక్కలు వరసగా నీళ్ళలోకి దూకి బుల్లిని పట్టుకుని ఒడ్డుకు చేర్చాయి. పొన్న కోసం మళ్ళీ వెళ్ళాయి. అప్పటికే ప్రవాహం ఆమెను సముద్రంలోకి లాక్కుపోయింది.

మధ్యాహ్నానికి నీళ్ళు తీశాయి. శిఖరుడు సాయంత్రం దాకా ఒడ్డంతా తిరిగాడు. ఏమీ దొరకలేదు.

సూదమ్మ బుల్లిని తన పిల్లల పక్కన పడుకోబెట్టింది. బుల్లి నిద్రపోలేదు. చూడ్డానికి వచ్చిన పీతల పెద్దను అడిగింది.

"తాతా, నీళ్ళు వస్తాయని మీకు ముందే తెలుసా?"

"తెలుసమ్మా."

"మరి మా నాన్నకు ఎందుకు చెప్పలేదు?"

శిఖరుడు తల వంచుకుని పిల్ల ముందుకు వచ్చాడు.

"చెప్పబోయాడమ్మా," అన్నాడు. "నేనే చెప్పనివ్వలేదు."

నీతి: కొత్త చోటికి వెళ్ళినప్పుడు అక్కడ ఉండేవాళ్ళు ఎంత చిన్నవాళ్ళయినా వారి మాట వినాలి. వినని వాడి గర్వానికి అతన్ని నమ్ముకున్నవాళ్ళు బలైపోతారు.