తొమ్మిది మూరల బూర

ఉదయం కదిలిన రథం మధ్యాహ్న భోజనం వేళకే పొరుగు దేశంలో ప్రవేశించేంత చిన్నదైన ఒకానొక రాజ్యాన్ని గజాంకుశుడనే రాజుగారు పాలించేవారు.

రాజ్యం చిన్నదైనా పదవులకు కొదవ లేదు. ప్రతి పదవికీ ఒక ఇత్తడి బూర ఉండేది. అధికారి వీధిలోకి వస్తే, ఒక సేవకుడు ఆ బూర ఊదుతూ ముందు నడిచేవాడు. పదవి ఎంత పెద్దదో బూర అంత పొడవు. రాజుగారిది ఏడు మూరలు. మహామంత్రి విరూపాక్షుడిది అయిదు. రాజపావురాలకు గింజలు వేయించే అధికారిది జానెడు. అది మోగితే దోమ వచ్చిందనుకుని జనం చేతులు విసురుకునేవారు. ఇరుకు సందులో ఇద్దరు ఎదురుపడితే, పొట్టిబూర కలవారు వచ్చిన దారినే వెనక్కి నడవాలి. అది ఆ రాజ్యపు ఆచారం.

ఒకనాడు నిండు సభలో రాజుగారు మీసం సవరించుకున్నారు.

"మనుషులు రాజకార్యాలలోకి ఎందుకు వస్తారో తెలుసా? కేవలం ప్రజాసేవ కోసం. బూరకూ సేవకూ ఏ సంబంధమూ లేదు. నన్నే చూడండి."

సభ మొత్తం "ఆహా!" అంది. మహామంత్రి కళ్లు ఒత్తుకున్నాడు. ఒక్క పేరయ్య మాత్రం ఆవులించాడు. రాజుగారికి పొద్దుపోనప్పుడు మాట్లాడడమే పేరయ్య కొలువు. దానికి బూర లేదు.

"పేరయ్యా, ఏమిటా ఆవులింత?"

"క్షమించండి ప్రభూ. బూరలు తీసేస్తే ఈ ప్రజాసేవకులలో ఎందరు మిగులుతారా అని లెక్క పెట్టబోయాను. లెక్క తొందరగా అయిపోయి నిద్ర వచ్చింది."

రాజుగారి ముఖం కందగడ్డ అయింది. "నా సభను అవమానిస్తావా? పున్నమిలోగా ఆ మాట నిజమని నిరూపించు. లేదా ఇల్లూ వాకిలీ వదిలి, కుటుంబంతో సహా దేశం దాటిపో!"

ఇంటికి వెళ్లేసరికి భార్య కామసానికి సంగతి తెలిసిపోయింది.

"అమ్మాయికి నెలలు నిండాయి. పురుడు దారిలో పోయమంటారా? ఒక్క ఆవులింత ఆపుకోలేకపోయారా?"

ఆ రాత్రి పేరయ్యకు మళ్లీ ఆవులింత రాలేదు, నిద్రా రాలేదు.

మరునాడు సభలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "ప్రభూ, పల్లపు పొలాల కాలువ పూడిపోయి అక్కడి రైతులు ఆకాశం వంక చూస్తున్నారు. కాలువాధికారి అనే కొత్త పదవి ఇప్పించండి. అధికారి స్వయంగా పార పట్టాలి. బూర ఉండదు."

చాటింపు వేశారు. ఎవరూ రాలేదు. మహామంత్రికి నడుము పట్టేసింది. సేనాపతి జాతకంలో మట్టి గండం బయటపడింది. తాను కనబడకపోతే పావురాలు బెంగపడతాయని పావురాల అధికారి విన్నవించుకున్నాడు.

"పాపం, వారికి నిజంగానే వీలు పడలేదు" అన్నారు రాజుగారు.

"నిజమే ప్రభూ. అయితే ఒక్క చిన్న మార్పు. పని అదే, పార అదే. తొమ్మిది మూరల బూర ఇద్దాం. కాలువను వంతులు వేసి, తన వంతు అందరికన్నా ముందు తవ్వినవారికే పదవి."

"తొమ్మిదా?" రాజుగారు సింహాసనంలో ముందుకు జరిగారు.

"బూరకూ సేవకూ సంబంధం లేదని తమరే సెలవిచ్చారు కదా. పొడవు ఎంతైతేనేం?"

సభ అంతా చూస్తోంది. రాజుగారు తల ఊపక తప్పలేదు.

తెల్లవారేసరికి కాలువలో కాలు మోపడానికి చోటు లేదు. మహామంత్రి నడుము విల్లులా వంగుతోంది. సేనాపతి తన మట్టిని పక్కవాడి వంతులోకి విసురుతున్నాడు. గట్టు మీద భార్యలు కేకలు వేస్తున్నారు. పొరుగు దేశపు మంత్రి ఒకడు మారువేషంలో వచ్చి తవ్వుతూ పట్టుబడ్డాడు. పైన రెండు బండ్ల మీద ఆనించిన కొత్త బూర ఎండలో ధగధగలాడుతోంది.

చూడడానికి పల్లకిలో వచ్చిన రాజుగారు ఆ బూరను చూశారు. తన బూరను చూసుకున్నారు. రెండిటినీ మళ్లీ కొలిపించారు. రేపు ఇరుకు సందులో ఈ కాలువాధికారి ఎదురుపడితే! రాజ్యమేలే ప్రభువు వెనక్కి నడవాలి!

"తప్పుకోండి! ఆ కొసన వంతు నాది!" అంటూ కిరీటంతో సహా కాలువలోకి దూకారు.

పొద్దు వాలే వేళకు అందరికన్నా ముందు రాజుగారి వంతే పూర్తయింది. మిగతా వంతులూ తెగగానే నీరు గలగలా పల్లపు పొలాల్లోకి పరుగెత్తింది. రైతులు జేజేలు కొట్టారు. అవేవీ రాజుగారి చెవిన పడలేదు. బురద చేతులతో బూరను కౌగిలించుకుని, "నాది! నాది!" అంటున్నారు.

పేరయ్య చెంబుతో నీళ్లు అందించాడు. "ప్రభూ, రేపే పున్నమి. ఇంట్లో మా ఆవిడ సామాను కట్టాలా, విప్పాలా అని అడుగుతోంది. తమరు ఈ బురదలోకి ఎందుకు దిగారో సెలవిస్తే, వెళ్లి చెప్పేస్తాను."

"కేవలం ప్రజాసే..." అని మొదలుపెట్టిన రాజుగారు తాను కౌగిలించుకున్నదేమిటో చూసుకున్నారు. ముక్కు నుంచి బురద కారుతున్న మహామంత్రిని చూశారు. పొట్ట కదిలింది, భుజాలు కదిలాయి. గట్టు మీద చతికిలబడి కన్నీళ్లు వచ్చేదాకా నవ్వారు.

"సామాను విప్పమను పేరయ్యా! పురుటి ఖర్చు అంతఃపురానిది. నీకేం కావాలో కోరుకో."

"కాలువ ఏటా పూడుతుంది ప్రభూ. ఈ పదవి ఏటా వేసవిలో ఖాళీ అయ్యేలా శాసనం చేయించండి, చాలు."

రాజుగారు మళ్లీ నవ్వి, బురద ఓడుతున్న ముత్యాలహారం తీసి పేరయ్య మెడలో వేశారు.

జనం చెదిరిపోతుండగా మహామంత్రి కుంటుతూ వచ్చి పేరయ్య చెవి దగ్గర నోరు పెట్టాడు.

"పేరయ్యా, వచ్చే వేసవికి ఆ ఎగువ వంతు నాకు ఇప్పించు. అక్కడ మట్టి మెత్తన. నా కోసం కాదయ్యా, ప్రజల కోసమే."