రెండో గాజుగొట్టం

ప్రసూన పరుగులాంటి నడకతో మాస్టారి గదిలోకి వచ్చింది. చేతిలో గాజుగొట్టం, అందులో నీలంగా నీళ్ళు.

"వచ్చింది మాస్టారూ! నాలుగేళ్ళకి వచ్చింది!"

గాలిలో ఉండే నైట్రోజన్‌ని కరెంటుతో అమ్మోనియాగా మార్చాలని ఆమె తపన. ఎరువులకి అదే మూలం. పెద్ద పెద్ద ఫ్యాక్టరీలు లేకుండా గ్లాసుడు నీళ్ళలో ఆ పని జరగాలి. అందుకోసం పొరలు పొరలుగా ఉండే నల్లపొడిని తన చేత్తోనే తయారుచేసింది. వెయ్యి పొరలు పేర్చినా కాగితమంత మందం రాదు. నీళ్ళలో అమ్మోనియా ఉంటే పరీక్షమందు నీలంగా మారుతుంది. మారింది! సాయంత్రానికి వ్యాసం పత్రికకి పంపెయ్యాలి. వేరే ఊళ్ళో ఇంకెవరో ఇదే పని మీద ఉన్నారట. వాళ్ళు ముందు పంపితే తన నాలుగేళ్ళూ వృథా.

మస్తాన్ వలీ మాస్టారు భేష్ అనలేదు. లేచి ల్యాబులోకి నడిచారు. నైట్రోజన్ సిలిండరు కట్టేసి, పైపు ఊడదీసి, పక్కనున్న ఆర్గాన్ సిలిండరుకి తగిలించారు.

"ఇంకొక్కసారి చెయ్యమ్మా."

ప్రసూనకి ఒళ్ళు మండింది. ఆర్గాన్‌లో నైట్రోజన్ ఎక్కడుంటుంది? బియ్యం పొయ్యకుండా అన్నం వండమన్నట్టుంది.

"దీంతో ఏమీ రాదు మాస్టారూ. టైము దండగ."

"రాకపోతే మంచిదేగా," అని ఆయన టీ తెచ్చుకోడానికి వెళ్ళిపోయారు.

కరెంటు పెట్టి, రెండు గంటలు గడియారం వంక చూస్తూ, లోపల్లోపల విసుక్కుంటూ కూర్చుంది. తర్వాత నీళ్ళు తీసి మందు కలిపింది.

నీలం. అదే నీలం.

ఆమెకి ఏడుపొచ్చింది. అప్పటికి తిరిగొచ్చిన మాస్టారు బీరువా తీసి, ఆమె నల్లపొడి తయారీకి వాడిన రసాయన ఉప్పు సీసా తెచ్చి ముందు పెట్టారు. దాని మీది చీటీ ఆమె వందసార్లు చదివిందే: అమ్మోనియం మాలిబ్డేట్.

అంటే అమ్మోనియా గాలిలోంచి రాలేదు. మొదటి రోజునుంచీ ఆ పొరల మధ్యే దాక్కుని ఉంది. పెట్టింది తనే, తీసింది తనే.

వ్యాసం ఆ సాయంత్రం వెళ్ళలేదు. నెల తిరక్కుండా ఆ వేరే ఊరివాళ్ళది అచ్చయింది. ఆ రోజు ప్రసూన మధ్యాహ్నం అన్నం తినలేదు.

ఉప్పు మార్చింది. పొడిని కడిగింది, ఆరబెట్టింది, మళ్ళీ కడిగింది. పైపులు మార్చింది, చేతి తొడుగులు మార్చింది. అయిదు నెలలు పట్టింది.

ఒక ఉదయం రెండు గాజుగొట్టాలు తెచ్చి మాస్టారి బల్ల మీద పెట్టింది. మొదటిది నైట్రోజన్‌ది, ఉందా లేదా అన్నంత లేత నీలం. రెండోది ఆర్గాన్‌ది.

"రంగు మరీ తక్కువొచ్చింది మాస్టారూ," అంది నసుగుతూ.

ఆయన మొదటిదాని జోలికే పోలేదు. రెండోదాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, కళ్ళజోడు సర్దుకుని, వెలుతురులో అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూశారు. ఎక్కడా నీలం జాడ లేదు.

"ఇది బాగా కుదిరిందమ్మా," అన్నారు.