గవరయ్య తుడిచిన తుపాకి

అనగనగా, మన ముత్తాతలకు ఇంకా పాలపళ్ళు ఊడని రోజుల్లో, ఒక కొండకోటలో గవరయ్య అనే ముసలాడు తుపాకులు తుడిచేవాడు. కోటలో మూడే తుపాకులు. మూడూ ఎప్పుడో పల్టన్ సిపాయిలు వదిలేసిపోయినవి. రెండింటిని ఏడాదికోసారి తుడిచేవాడు. పెద్దదాన్ని మాత్రం రోజూ తుడిచేవాడు. ఇనపచువ్వ మూతిలోంచి దూర్చి, లాగి, మళ్ళీ దూర్చి, ముప్పయ్యేళ్ళు అదే పని.

దసరానాడు ఆయుధపూజయ్యాక ఆ పెద్ద తుపాకితో దిష్టి గుమ్మడికాయను కొట్టాలి. కాయను గడకు కడతారు. గడను ఒక మనిషి పట్టుకు నిలబడతాడు. ఆ ఏడు ఆ వంతు గవరయ్య ఒక్కగానొక్క కొడుకు ఎర్రయ్యకు వచ్చింది.

తను తుడిచిన తుపాకిని ముసలాడు ఏనాడూ అనుమానించలేదు. ఆ పొద్దున మాత్రం తండ్రి మనసు ఊరుకోలేదు. తూటా తెచ్చి మొదటి తుపాకి మూతిలో మొన పెట్టాడు. మొన దిగింది, సగంలో ఆగింది. గొట్టం అరగలేదన్నమాట. రెండోదాన్లో పెట్టాడు. మొన దిగింది, సగంలో ఆగింది. పెద్దదాన్లో పెట్టాడు. మొన దిగింది, దిగింది, తూటా ఇత్తడి తొడుగు దాకా దిగిపోయింది.

ఏడాదికొక్క తూటాకి ఇంతలా అరుగుతుందా? తను రోజూ దూర్చిన చువ్వే మూతిని తినేసింది!

తుపాకి కాల్చే జమాదారు దగ్గరకు పరిగెత్తాడు.

"బాబూ, పెద్ద తుపాకి మూతి అరిగిపోనాది. గుండు తిన్నగా పోదు. నా సేతుల్తో నానే పాడు సేసినాను."

"మతిపోయిందేట్రా? అద్దంలా మెరిసిపోతంటే!"

"సిన్నదాంతో కాల్చండి బాబూ."

"బొట్టెట్టింది దీనికి. కాల్చేదీ దీంతోనే. పో!"

మూడుసార్లు బతిమాలాడు. మూడుసార్లూ పొమ్మన్నాడు.

డప్పులు మోగాయి. గవరయ్య జనాన్ని తోసుకుంటూ వెళ్ళి కొడుకు చేతిలోంచి గడ లాక్కున్నాడు.

"నీకేటయినాదయ్యా?" అన్నాడు ఎర్రయ్య.

"నువ్వవతలికి పో నాయనా. తుడిసినోణ్ణి నాను."

తుపాకి పేలింది. గుమ్మడికాయ కదల్లేదు. గురి తప్పిందని జనం నవ్వుతూనే ఉన్నారు, ముసలాడు గడతో సహా కూలిపోయాడు. గుండు అడ్డం తిరిగి రొమ్ములో దిగింది. డప్పు కొట్టేవాడి చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. ఎర్రయ్య ఒళ్ళోకి తీసుకునేసరికి ప్రాణం పోయింది. జమాదారు తూటా తీసి తుపాకి మూతిలో పెట్టాడు. ఇత్తడి దాకా దిగిపోయింది.

"సెప్పినాడు... మూడుసార్లు సెప్పినాడు" అంటూ నేలమీద చతికిలబడ్డాడు.

ఇప్పటికీ ఆ కోట కింద ఊళ్ళల్లో గుమ్మడికాయ గడను నేలలో పాతుతారు, మనిషి పట్టడు. తాడుకు గుడ్డ కట్టి గొట్టం వెనకనుంచి లాగి తుడుస్తారు. బొట్టు పెట్టేముందు, తుడిచినవాడే తూటా మొన మూతిలో పెట్టి, "గవరయ్యా, తప్పు నాదైతే సెప్పు" అంటాడు. మొన సగంలో ఆగేదాకా అక్కడ ఎవరూ ఊపిరి పీల్చరు.