చెమటాలమ్మకు చెమట పట్టించిన సుత్తి

ఇందులో రాసిన ప్రతి ముక్కా నిజం. అమ్మవారి పాదాల దగ్గర కూర్చుని రాసినది గనుక ఒక్క అక్షరం అటూ ఇటూ అయ్యే వీలు లేదు. అయిందని ఎవరైనా అంటే ఈ కొండనే అడగవచ్చు. కొండ ఇంతవరకూ కాదనలేదు.

శ్రీ చెమటాలమ్మ తల్లి కంచరమెట్ట మీద తూర్పు ముఖంగా వెలసి ఉన్నది. అసలు విగ్రహం మూరెడు నల్లరాయి. దానికి తొడిగిన రాగి ముఖం మాత్రం పొద్దుటి ఎండ తగిలితే సముద్రం మీద పడవలు దారి తప్పేటంతగా మెరుస్తుంది. ఆ ముఖం నిండా, నుదుటి నుంచి గడ్డం దాకా, రాగిలోనే ఉబ్బిన చెమట బొట్లు. ఎంత ఒత్తుగా ఉంటాయంటే, చీమ కూడా రెండు బొట్ల నడుమ పక్కకు తిరిగి నడవవలసిందే. కొత్తగా వచ్చిన భక్తురాళ్ళు పాపం కొంగుతో తుడవబోతారు. అది తుడిస్తే పోయే చెమట కాదు.

పూర్వం ఇక్కడ కంచరివారి ఇళ్ళు ఉండేవి. వారు రాగిరేకు సాగగొట్టి ఒక్క గుండిగ చేస్తే, అందులో ఊరంతటికీ అన్నం వండగా మిగిలింది పక్క ఊరికి పంపేవారట. ఆ ఇళ్ళలో పెద్దది గురువాచారిది. అతని తమ్ముడు జోగాచారి. అన్న భార్య గవరమ్మ, తమ్ముడి భార్య సూరమ్మ. సుత్తులు పట్టేది మగవారే అయినా వాటి ముఖాలు తోమే పని ఆ ఇంటి పెద్దకోడలిది. చింతపండూ ఇటుకపొడీ పెట్టి గవరమ్మ తోమిన సుత్తి ముఖంలో చూసుకుని ఊళ్ళో ఆడపిల్లలు బొట్టు పెట్టుకునేవారు. రాగిరేకు మెత్తనిది. సుత్తి ముఖాన ఏ మచ్చ ఉన్నా దెబ్బ దెబ్బకీ అది రేకు మీద అచ్చుపడుతుంది. అందుకే అంత నునుపు.

అమ్మవారి పండగనాడు తొలి ఘటం ఎత్తే గౌరవం గవరమ్మది. ఆ పూట ఆమె నడిచి వస్తుంటే ఏనుగులు కూడా పక్కకు తప్పుకునేవి. అటువంటిది, ఒకనాడు అమ్మవారు ఊరిపెద్ద కలలో కనిపించి, "నాకు రాగి ముఖం కావాలి. చిన్నోడు జోగడు చెయ్యాలి. చేసినోడి ఇల్లాలే తొలి ఘటం ఎత్తాలి" అని ఆనతిచ్చింది.

ఆ మాట చెవిన పడగానే గవరమ్మ కడుపులో లేచిన మంటకు, ఆమె పక్కన పెట్టిన పాలు పొయ్యి లేకుండానే పొంగిపోయాయి. చెంబెడు నీళ్ళు తెమ్మంటే సగం కాళ్ళ మీద పోసుకునే సూరమ్మ నెత్తిన ఘటమా!

సూరమ్మకు ఇదేమీ తెలియదు. వచ్చి పక్కన కూర్చుంది.

"అక్కా, ఘటం ఎత్తినప్పుడు మెడ ఎలాగ నిలబెట్టాలో నువ్వే నేర్పాల."

"నేర్పడానికేటుందే? తలకాయంటూ ఉంటే మెడ అదే నిలబడతాది" అంది గవరమ్మ.

ముఖం తయారయ్యేదాకా దాని మీద మనిషి కన్ను పడరాదని ఆచారం. అందుచేత జోగాచారి కళ్ళకు గంతలు కట్టుకుని, వేలికొసలతో తడుముకుంటూ పని సాగించాడు. గవరమ్మ అతనివైపు వీపు తిప్పి కూర్చుని, అడిగిన పనిముట్టు వెనక్కి అందిస్తూ వచ్చింది. కత్తెరతో రేకు కత్తిరించాడు. కొయ్యసుత్తితో ముక్కూ చెంపలూ లేపాడు. చివరికి నునుపు చేసే సుత్తి అడిగాడు. దాని ముఖాన ఆ ఉదయమే గవరమ్మ ఉలి మొనతో ఆవగింజంత గుంట పెట్టింది. సుత్తిలో గుంట ఉంటే రేకు మీద బొడిపె లేస్తుంది. దెబ్బకొకటి.

రెండు దెబ్బలు పడి సుత్తి ఆగింది. 

"వదినా, చేతికేదో బొడిపె తగుల్తంది. సుత్తి నువ్వే తోమినావా?"

"నానే తోమినాను."

"అయితే సుత్తిలో లోపముండదు. అమ్మోరి చిత్తమే" అని అతడు మళ్ళీ కొట్టసాగాడు.

ఆ నమ్మకం వీపున తగిలినంత గట్టిగా ఏ సుత్తీ తగలదు. అయినా ఆమె నోరు విప్పలేదు. అసూయ ఒకసారి నాలుక మీద పీట వేసుకు కూర్చుంటే, లేవమన్నా లేవదు.

గంతలు విప్పారు. ఊరంతా చూసింది.

"ఇదేం మొగంరా జోగా! అమ్మోరికి చెమటకాయలేసినట్టుంది!" అని ఊరిపెద్ద కేక వేశాడు. జోగాచారి చేతిలో సుత్తి లాగేసుకున్నారు. ఇక ఆ చెయ్యి రాగి ముట్టరాదన్నారు. "గురువాచారీ, వీటిని నువ్వు చదును చెయ్యి. తొలి ఘటం నీ ఇల్లాలిదే."

గవరమ్మ కోరుకున్నదంతా ఒక్క మాటతో ఒడిలో పడింది.

గురువాచారి తన సుత్తి తీసి మొదటి బొట్టు అణిచాడు. గవరమ్మ ముక్కు కొసన బొడిపె లేచింది. మరొకటి అణిచాడు. ఆమె నుదుట మరొకటి లేచింది. అక్కడ అమ్మవారి చెంప చదునయ్యేసరికి ఇక్కడ గవరమ్మ చెంప పనసకాయ అయింది. తొనలకోసం కోతులు కొండ దిగివచ్చాయి, చూసినవారు చెప్పినదే.

"ఆపవయ్యా!" అని అరిచి, ఆమె సూరమ్మ ముందు కూలబడింది. "సుత్తిలో గుంట నానే ఎట్టినాను. నీ నెత్తిన ఘటం చూడలేక ఎట్టినాను."

 సూరమ్మ తన కొంగు తీసి అక్క ముఖం అద్దింది. అద్దిన చోటల్లా బొడిపె అణిగింది, రాగి మీద మళ్ళీ లేచింది. అప్పుడు నల్లరాతిలోంచి అమ్మవారు పలికింది.

"ఎండనకా వాననకా మీ పొలాలు కాసినాను. అందరూ నాకు నగలెట్టినారు. చెమటెట్టింది ఇదొక్కతే. ఉండనీండి. ఒలే గవరా, సుత్తి మాత్రం నువ్వే తోమాల. నీ తోడికోడలి మొగం అందులో అగుపించీదాకా తోమాల."

గవరమ్మ తోమింది. గుంట అరిగింది, చింతతోపులు ఖాళీ అయ్యాయి, అయినా సుత్తిలో తన ముఖమే కనిపించేది. ఆఖరికి విసిగి, సూరమ్మను పక్కన కూర్చోమని, తాను కాస్త జరిగింది. అంతే, కనిపించింది. ఆ ఏడు తొలి ఘటం సూరమ్మ ఎత్తింది. జోగాచారి సుత్తి జోగాచారి చేతికి వచ్చింది. అమ్మవారికి చెమటాలమ్మ అనే పేరు అప్పటిదే.

నేటికీ ఈ ఆచారం తప్పలేదు. ఎవరిని చూస్తే మన కడుపు మండుతుందో వారి పనిముట్టు ఒకటి అడిగి తెచ్చి, అమ్మవారి ఎదుట తోమాలి. గరిటె కావచ్చు, తాపీ కావచ్చు, దర్జీ కత్తెర కావచ్చు. దొంగచాటుగా తెచ్చినది తోమితే ఫలం లేదు, సొంతదారు ముఖం అందులో కనపడాలి గనుక వారూ పక్కన కూర్చోవలసిందే. అలా తోమినవారికి కడుపుమంట చల్లారి, తిన్నది ఒంటబట్టి, నిద్ర కుదురుతుంది. గట్టిగా నమ్మినవారికి ఊడిన పళ్ళు కూడా వచ్చాయి.

మీరేమో ఒట్టిచేతులతో, ఒంటరిగా వచ్చారు. మెట్లు ఇంకా కాలడం లేదు, దిగి వెళ్ళండి. ఇది చదువుతుండగా మీ మనసులో ఒక మనిషి మెదిలే ఉంటారు. వారి తలుపు తట్టి, పనిముట్టు అడిగి, ఆ మనిషిని కూడా వెంటబెట్టుకుని రండి. వచ్చేటప్పుడు గుడికి కాస్త చింతపండు పట్టుకురండి, గింజ తీసినది.