చాంద్‌బీ టమోటా మొక్క

గుత్తి ఊళ్ళో వన్నూరమ్మ అనే బస్సు కండక్టరు ఉండేది. పనిలో ఆమెకు ఎవరూ సాటి వచ్చేవారు కాదు గాని, కాసేపు కుదురుగా కూర్చోవడం మాత్రం ఆమెకు చేతనయ్యేది కాదు. పొయ్యి మీద అన్నం పెడితే పదిసార్లు మూత తీసి చూసేది. దారిలో బస్సు రెండు నిమిషాలు ఆగిపోతే తానే కిందికి దిగి బండ్లను పక్కకు జరిపించేది.

అలాంటి మనిషి ఒక వానరోజున బస్సు మెట్టు మీద కాలు జారి పడింది. చీలమండ దగ్గర ఎముక విరిగింది. డాక్టరు కట్టు కట్టి, ఆరు వారాల పాటు ఆ కాలు నేల మీద మోపవద్దని చెప్పాడు.

వన్నూరమ్మ కాపురం ఒక మిద్దె మీద. భర్త ఓబులేసు పొద్దున్నే రైల్వే పనికి వెళితే మళ్ళీ సాయంత్రమే వచ్చేవాడు. పక్క వాటాలో చాంద్‌బీ అనే పెద్దావిడ ఒంటరిగా ఉండేది. రెండు వాటాల ముందు నాలుగు మంచాలు పట్టేంత జాగా ఉంది. అక్కడ రోజంతా ఎండ పడుతుంది. చాంద్‌బీ ఆ కాస్త జాగాలోనే పాత పెయింటు డబ్బాల్లో, పగిలిన బకెట్లలో మట్టి నింపి కొత్తిమీర, మెంతికూర, పుదీనా పెంచేది. పిట్టగోడ పక్కన ఒక పెద్ద నూనె డబ్బాలో టమోటా మొక్క ఉండేది.

అది బజారులో దొరికే రకం కాదు. కాయలు చిన్నవి, గీతలు గీతలుగా ఉంటాయి, మంచి పులుపు. చాంద్‌బీ పెళ్ళయి వచ్చేటప్పుడు వాళ్ళమ్మ ఆ విత్తనాలు గుడ్డలో మూటకట్టి ఇచ్చిందట. అప్పటి నుంచి ఏటా కొన్ని కాయలు విత్తనానికి వదిలి, ఆ రకం పోకుండా కాపాడుకుంటూ వచ్చింది. ఈ ఏడు కోతులు వచ్చి ఆ రకం మొక్కలన్నీ పీకేశాయి. దాచిన విత్తనమంతా అప్పటికే నాటేయడంతో, మిగిలింది అదొక్కటే.

ఆదోనిలో ఉన్న కూతురికి కాన్పు కావడంతో చాంద్‌బీ ఇరవై రోజులు ఉండి రావడానికి బయలుదేరింది. వెళ్ళేముందు డబ్బాల సంగతి వన్నూరమ్మకు అప్పగించింది.

“పొద్దున్నే ఒక్కోదానికి చెంబెడు నీళ్ళు పోస్తే చాలమ్మా. ఇంకేమీ చేయొద్దు. ఈ చెట్టుకు ఐదు కాయలున్నాయి, విత్తనానికి వదిలినాను. చెట్టు మీదే పండనీ.”

“అట్లనే పెద్దమ్మా. నాకేం పని, చూసుకుంటా” అంది వన్నూరమ్మ.

ఓబులేసు పనికి పోయేముందు బకెట్టుతో నీళ్ళు పెట్టి వెళ్ళేవాడు. వన్నూరమ్మ కట్టు కట్టిన కాలు చాపుకొని, చిన్న పీట మీద జరుగుతూ డబ్బాలకు నీళ్ళు పోసేది. రెండు రోజులు చెప్పినట్టే చేసింది. ఆ పనికి పావుగంట కూడా పట్టలేదు. మిగిలిన పగలంతా ఆమె ముందు అట్లాగే ఉండిపోయింది.

మూడో రోజు మధ్యాహ్నం ఎండకు టమోటా ఆకులు కాస్త వాలాయి. సాయంత్రానికి అవే లేచేవి. ఆమె అంతవరకు ఆగలేదు. మరో చెంబు పోసింది, ఆపైన ఇంకొకటి. చాంద్‌బీ వెళ్ళేముందు ఒక డబ్బాలో ధనియాలు చల్లింది. అవి ఇంకా మొలవలేదేమని పుల్లతో మట్టి కదిపి చూసింది. తెల్లటి వేరు ఒకటి అప్పుడే బయటికి తొంగిచూస్తోంది. సంతోషపడి మట్టి కప్పి, మర్నాడు మళ్ళీ తవ్వింది. ఆ డబ్బాలో ఒక్క మొలకా రాలేదు.

టమోటా మొక్కకు బలం చాలడం లేదేమో అనిపించి, గుప్పెడు యూరియా తెమ్మని ఓబులేసును పోరు పెట్టింది. పెద్దావిడ ఇంకేమీ చేయొద్దంది కదా అని అతను నచ్చజెప్పబోయాడు గాని, ఆమె వినలేదు. యూరియా వేసిన మర్నాడు ఆ డబ్బాను నీడకు లాగింది. నీడలో ఎదగదేమో అని మళ్ళీ ఎండకు లాగింది. రెండోసారి లాగేటప్పుడు తెలియకుండానే విరిగిన కాలు నేల మీద మోపింది. చీలమండ కలుక్కుమంది.

వారం తిరక్కుండానే ఆకుల అంచులు మాడిపోయాయి. మొదలు మెత్తబడింది. ఒకరోజు పొద్దున చూసేసరికి మొక్క డబ్బా అంచు మీద వాలిపోయి ఉంది. నాలుగు కాయలు రాలి కుళ్ళాయి. ఒక్కటి మాత్రం అడుగున కొంచెం ఎరుపు తిరిగి, దోరగా ఉంది. అదే రోజు ఆస్పత్రికి వెళితే, అతుక్కుంటున్న ఎముక మళ్ళీ పక్కకు జరిగిందని డాక్టరు కొత్తగా కట్టు కట్టి ఇంకో ఆరు వారాలు అన్నాడు.

వన్నూరమ్మకు ఏం చేయాలో పాలుపోలేదు. నర్సరీ నుంచి ఒక టమోటా మొక్క తెప్పించి అదే డబ్బాలో నాటితే పెద్దావిడ కనిపెట్టలేదేమో అనుకుంది. ఆ మాట ఓబులేసుతో చెప్పబోయి, తనకే సిగ్గేసి ఆగిపోయింది. వాళ్ళమ్మ ఇచ్చిన విత్తనం అది. చివరికి ఫోను తీసి చాంద్‌బీకి జరిగిందంతా, యూరియా సంగతితో సహా చెప్పేసింది.

చాంద్‌బీ ముందు కాయలేమయ్యాయని అడిగింది. ఒకటి దోరగా మిగిలిందని వన్నూరమ్మ చెప్పింది.

“దాన్ని జొన్నల డబ్బాలో పెట్టి మూత వెయ్యి. నేను వచ్చేదాకా తియ్యొద్దు.”

“మరి పండిందో లేదో మధ్యలో చూడొద్దా పెద్దమ్మా?”

“నువ్వు చూసినావని అది పండదమ్మా” అంది చాంద్‌బీ.

ఆ పది రోజులు వన్నూరమ్మకు పది నెలలయ్యాయి. రోజుకు పదిసార్లు ఆ డబ్బా వైపు చెయ్యి పోయేది. పోయిన ప్రతిసారీ వెనక్కి తీసుకునేది. చేతులకు పని ఉండాలని ఓబులేసుతో చింతపండు తెప్పించుకొని గింజలు తీస్తూ కూర్చుంది.

చాంద్‌బీ తిరిగి వచ్చి ఖాళీ అయిన నూనె డబ్బా చూసింది. తిట్టలేదు గాని, రెండు రోజులు ముభావంగానే తిరిగింది. మూడో రోజు వన్నూరమ్మ ఇంటికి వచ్చి జొన్నల్లోంచి కాయ బయటికి తీసింది. అది ఎర్రగా పండి ఉంది. గింజలు పిండి, బూడిదలో కలిపి ఆరబెట్టింది. ఆరిన గింజల్లో సగం తాలు. గట్టివి ఏరి వన్నూరమ్మ చేతిలో పోసింది.

“నువ్వే నాటు” అంది.

“నేనా? మళ్ళీ చెడగొడితే?”

“నిజం చెప్పినావు కదా. ఈసారి చెడగొట్టవులే.”

వన్నూరమ్మ వాటిని నాటి, రోజూ పొద్దున కాసిన్ని నీళ్ళు చిలకరించి, ఇంకేమీ చేయకుండా లోపలికి వచ్చేసేది. ఐదో రోజు మట్టి మట్టిలాగే ఉంది. ఏడో రోజూ అంతే. విత్తనం చచ్చిపోయిందన్న భయంతో ఆమెకు అన్నం సహించలేదు. అయినా పుల్ల ముట్టుకోలేదు. తొమ్మిదో రోజు పొద్దున మూడు మొలకలు తలలు వంచుకొని పైకి వచ్చి ఉన్నాయి. ఆమె వాటిని తాకలేదు. పక్క వాటాకు వినబడేలా చాంద్‌బీని పిలిచి, ఆవిడ వచ్చేదాకా పీట మీద కదలకుండా కూర్చుంది.

మూడింటిలో ఒకటి ఎండకు పోయింది. రెండు నిలిచాయి. కట్టు విప్పిన నెలకు, చేతికర్ర పట్టుకొని డ్యూటీకి బయలుదేరుతూ ఆమె ఆ రెంటికీ మొదటి పూత చూసింది.

పెరిగే దేనికైనా కావలసింది ఇచ్చి, ఆపైన దాని కాలం దానికి వదిలిపెట్టాలి. ఆత్రంతో చేసే పది పనుల కంటే ఓపికతో ఆగడమే గొప్ప సంరక్షణ.